నీళ్లు మాగేదాకా

మా ఆయన సుబ్రహ్మణ్యం గారు కాకినాడ మత్స్యశాఖ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారు. పగడాల మీద కాగితాలెన్నో ఆయన చేతి మీదుగా వెళ్లాయి గానీ, సముద్రంలో బతికున్న పగడం పువ్వులా విచ్చుకోవడం మాత్రం ఎన్నడూ చూడలేదు. రిటైరై, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి భానుశ్రీ దగ్గరికి వచ్చాక లివర్ క్యాన్సరని తేలింది. మహా అయితే మూడు నెలలన్నాడు డాక్టరు. అప్పుడడిగారు ఈయన, ఉప్పునీటి తొట్టె కావాలని. అందులో పగడాన్ని పెంచి కళ్లారా చూడాలట.

నాకు ఒళ్లు మండింది. మందు మింగమంటే మొహం చిట్లించే మనిషికి తొట్టె ఒకటి! అయినా కాదనలేకపోయాను.

హైటెక్ సిటీ ఆఫీసుల్లో చేపల తొట్లు పెట్టే నర్సయ్య వచ్చి, హాల్లో సముద్రపు రాళ్లూ ఇసుకా వేసి ఉప్పునీళ్లు నింపాడు.

"పగడం ఎప్పుడు తెస్తావయ్యా?" అన్నాను.

"జల్దీ చెయ్యొద్దమ్మా. కొత్త నీళ్లల్ల ఏస్తే సస్తది. రాళ్లకు కంటికి కనబడని పురుగు పట్టాలె, గదే నీళ్లను సాఫ్ చేస్తది. ఆరు వారాలు ఆగాలె."

ఆరు వారాలు! డాక్టరన్నదే మూడు నెలలు. ఈయన మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటూ తొట్టె ముందే కూర్చునేవారు. రాళ్లకు గోధుమరంగు జిగురు పట్టింది. నాకు చూస్తేనే రోత.

"మాగుతోందోయ్," అని మురిసిపోయేవారు.

"ఆవకాయా ఏమన్నానా!" అనేదాన్ని.

నలభై ఒకటో రోజు పొద్దున నర్సయ్య ఫోన్ చేశాడు, మర్నాడు మద్రాసు నుంచి పగడం వస్తోందని. భానుశ్రీ అప్పటికే ఈయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇంటికొచ్చే ప్రాణిని ఆ జిడ్డులోకా దింపడం? చుట్టం గుమ్మం తొక్కేలోగా ఇల్లు అద్దంలా ఉండాలన్నది మా అమ్మ పెంపకం. కొంగు బిగించాను. రాళ్లూ ఇసుకా బ్లీచింగ్ నీళ్లలో వేసి, కొబ్బరిపీచుతో తెల్లగా తోమాను. కొత్త ఉప్పునీళ్లు నేనే కలిపి పోశాను. నడుం పడిపోయింది గానీ, ఆయన ఎంత సంబరపడతారో అనుకుంటూ ఎదురుచూశాను.

వచ్చారు. చూశారు. మెల్లగా సోఫాలో కూర్చున్నారు.

"రాళ్లు కూడా కడిగావా?"

"మరి? ఎంత మురికనుకున్నారు!"

సాయంత్రం నీళ్లు పరీక్షించడానికి నర్సయ్య వచ్చి తల పట్టుకున్నాడు.

"అయ్యో, ఎంత పని చేసినవమ్మా! నీళ్లను సాఫ్ చేసే పురుగంత సచ్చిపోయింది. ఇగ మళ్ల మొదటికెల్లి ఆరు వారాలు."

"రేపే వేసెయ్ నర్సయ్యా. నాలుగు రోజులు బతికినా చాలు, ఈయన చూస్తారు," అని బతిమాలాను.

"వద్దు," అన్నారు ఈయన. "చంపడానికా తెచ్చుకోవడం? దాన్ని ఇంకెవరిదైనా మాగిన తొట్లో వెయ్యి నర్సయ్యా."

ఆ తర్వాత ఆయన పందొమ్మిది రోజులున్నారు.

ఒక్కసారి తిట్టినా బాగుండేది. కూరలో ఉప్పెక్కువైతే కంచం నెట్టేసే మనిషి, ఆ సాయంత్రం నర్సయ్య వెళ్లాక నా వైపు తిరిగి, "పొద్దుట్నుంచీ వంగి తోమావు, నడుం నొప్పెడుతోందా?" అని మాత్రం అడిగారు.