తొమ్మిది పేర్ల తరవాత

స్టాన్లీది వాగుడు నోరు కాదు, పటాలం అలవాటు చేసిన నోరు. పేరు పిలిస్తే చాలు, బుర్ర కంటే ముందే నోరు లేస్తుంది.

అది టెరిటోరియల్ ఆర్మీ పటాలం. ఏడాదికి రెండు నెలలు తుపాకీ, మిగతా పది నెలలు ఎవడి పని వాడిది. సరిహద్దులో కాక పుడితే మాత్రం లేత్ దగ్గరున్నవాడు, చెరకు తోటలో ఉన్నవాడు ఉన్నపళంగా బయల్దేరాలి. అక్కడ ప్రతి సిపాయికీ ఒక జోడీ. ఒకడు పోతే, ఏటా పటాలం పుట్టినరోజున వాడి పేరు పిలిచినప్పుడు రెండోవాడు "హాజర్" అని పలకాలి. చావు కబురూ ముందు జోడీకే వస్తుంది. "ఫలానావాడి జోడీ" అని పిలుస్తారు, "హాజర్" అన్నాకే మిగతాది చెబుతారు. దాన్ని ఇంటికి మోసుకెళ్ళాల్సింది వాడే.

స్టాన్లీ జోడీ రోనాల్డ్. డిసెంబరులో పిలుపొచ్చినప్పుడు ఇద్దరూ వెళ్ళాల్సింది. మోకాలి చిప్ప జారి స్టాన్లీ అనకాపల్లిలో తన ఎస్టీడీ బూత్‌లోనే ఉండిపోయాడు, రోనాల్డ్ ఒక్కడే వెళ్ళాడు. ఆ సిగ్గు స్టాన్లీని లోపల్లోపల తినేస్తోంది.

రెండువేల రెండు, మే నెలలో పటాలం పుట్టినరోజు వచ్చింది. రిటైరైనవాళ్ళంతా, వాళ్ళతో స్టాన్లీ కూడా, చర్చి పక్క హాల్లో చేరారు. పేర్లు పిలిచేది రోనాల్డ్ తండ్రి ఆనందకుమార్, పాత హవల్దారు. ఇన్నేళ్ళుగా కాగితం చూడకుండా, పోయినవాళ్ళ తొమ్మిది పేర్లు పిలుస్తున్నాడు. ఆ రోజూ తొమ్మిదీ పిలిచాడు. అక్కడ ఆగాలి. ఐదు నెలలుగా ఒకే పేరు మనసులో తిరుగుతున్న మనిషి, ఏం చేస్తాడు పాపం!

"సిపాయి రోనాల్డ్."

"హాజర్," అన్నాడు స్టాన్లీ.

ఆనందకుమార్ రెండు చేతులతో బల్ల పట్టుకున్నాడు. ముసలి సన్యాసిరావు లేచి, శుభం పలకరా మంకెన్నా అంటే ఇదేనని గొణుక్కుంటూ బయటికి పోయాడు. వండిన బిర్యానీ ఎవరూ ముట్టలేదు.

రోనాల్డ్ తల్లి ఆరోగ్యమేరి మాత్రం స్టాన్లీని తిట్టలేదు. రోనాల్డ్ ప్రతి ఆదివారం పదింటికి బూత్‌కే ఫోన్ చేస్తాడు. ఆ తరవాతి ఆదివారం ఆమె తొమ్మిదికే వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఆడు తన నోటితో ఒక్కసారి హాజర్ అంటే సాలు, నువ్వన్నది కొట్టుకుపోద్ది. నేనే అనిపిత్తాను," అంది.

స్టాన్లీ వేళాంగణి మాతకి మొక్కుకున్నాడు. పది దాటింది. పదిన్నర దాటింది. ఆమె జపమాల తిప్పుతూనే ఉంది. పదకొండుకి ఫోన్ మోగింది.

అవతల రోనాల్డ్ కాదు. ఎవరో పెద్దాయన, మెల్లగా అడిగాడు: "సిపాయి రోనాల్డ్ జోడీ?"

స్టాన్లీ నోరు పెగల్లేదు. నిన్నగాక మొన్న అడక్కుండానే దూకిన నోరు! తను పలక్కపోతే వాళ్ళు మిగతాది చెప్పరు. చెప్పనంతసేపూ రోనాల్డ్ ఉన్నట్టే. అవతలి మనిషి మళ్ళీ అడిగాడు. స్టాన్లీ రిసీవర్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఆరోగ్యమేరి అతని ముఖం చూసింది. హవల్దారు పెళ్ళానికి ఆ ఆచారం ఎవరూ నేర్పక్కర్లేదు. లేచి, అతని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి రిసీవర్ తీసుకుంది.

"నీకొద్దులేరా నాయనా. నేను మోత్తాను," అంది.

తరవాత ఫోన్లో, "హాజర్," అంది.