మేజిస్ట్రేటుగారి బూట్లు

మా ఆయన లూ జిహెంగ్ పింగ్‌షీకి మేజిస్ట్రేటుగా మూడేళ్ళు చేశారు. లంచం ముట్టలేదు. ఆయనకున్న రోగమల్లా రాయడమే. పంది ఎవరిదన్న తగాదాకి కూడా పద్యాల్లో తీర్పు రాసి, కక్షిదారులను నిలబెట్టి రాగం తీసి చదివేవారు. ఆ బాధ పడలేక జనం కచేరీ మెట్లెక్కడం మానేశారు. తగాదాలు తగ్గాయని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడాను!

ఇంతలో బదిలీ హుకుం వచ్చింది. మంచి అధికారి ఊరు విడిచి వెళ్ళేటప్పుడు జనం పల్లకీ ఆపి, కాళ్ళ బూట్లు అడిగి తీసుకుని, కోట గుమ్మానికి వేలాడదీయడం మా దేశాచారం. ఈ మహానుభావుడు అంతవరకూ ఆగితేగా! "జనం భోరున ఏడ్చి నా బూట్లు లాక్కున్నారు" అని ముందే రాసేసి, పుస్తకం అచ్చు వేయించి, రాజధానిలోని గురువుగారికి పంపేశారు.

"జరగనిది ఎలా రాశారండీ?" అని తల బాదుకున్నాను.

"జరగకేం? చూస్తూ ఉండు," అన్నారు.

బయల్దేరిన రోజు ఆయన పల్లకీ ముందు, నాది వెనక. బజారంతా ఎప్పటిలాగే బేరాల్లో మునిగి ఉంది. ఆయన బోయీలను నెమ్మదిగా నడవమన్నారు. తర్వాత ఆగమన్నారు. తెర పక్కనుంచి కాలొకటి బయటికి వచ్చింది.

టోఫు అమ్మే ఛియావో అవ్వ అది చూసి, "అయ్యగారూ, కాలు లోపల పెట్టుకోండి, ఎవరైనా తట్టుకు పడతారు," అంది.

కాలు లోపలికి పోయింది. రాసింది అబద్ధమని తేలితే ఆయన నలుగురిలో తలెత్తుకోలేరు. నాకు మాత్రం ఆ కాలు వెనక్కి పోయిన తీరుకే కడుపు తరుక్కుపోయింది.

పల్లకీ దిగాను. అధికారి భార్య నడిబజారులో దిగడమే! వెళ్ళి ఆయన ముందు మోకరిల్లాను.

"అయ్యగారూ, మీ బూట్లు ఇప్పించండి."

"ఏమిటే ఇది! అందరూ చూస్తున్నారు," అన్నారు గొంతు తగ్గించి.

"చూడనివ్వండి. ముప్పయ్యేళ్ళుగా మీ ఏలుబడిలో పడి ఉన్నాను. నేను జనం కాదా?"

కాలు మళ్ళీ బయటికి వచ్చింది. ఆ రోజుకని కొత్తవి కుట్టించుకున్నారేమో, ఎంత లాగినా బూటు రాదే! ఛియావో అవ్వ గంప దించి వెనకనుంచి నా నడుం పట్టుకుంది.

"పద్యాలు పెట్టి చంపారు గానీ, మనిషి మంచోరే. గట్టిగా లాగండమ్మా!"

బూటు ఊడింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. బజారు బజారంతా విరగబడి నవ్వింది. రెండో బూటుకి నేనంటే నేనని ఎగబడ్డారు.

జనం భోరున ఏడ్చారనే ఉంది పుస్తకంలో. నిజానికి ఏడ్చింది ఆయనొక్కరే.