అక్క వేసిన దావా

అక్క చనిపోయిన సంగతి చెల్లెలికి కోర్టులో తెలిసింది.

ఆ రోజు వాయిదాకు ఆమె ఎప్పటిలాగే ముందుగా వచ్చి, వరండా బల్ల మీద ఒక కొసన కూర్చుంది. రెండో కొస అక్కది. కేసు పిలిచేదాకా ఆ కొస ఖాళీగానే ఉంది. లోపల అక్క తరఫు ప్లీడరు లేచి, "వాది చనిపోయారండి" అన్నాడు.

వాది అంటే ఎవరో ఆమెకు వెంటనే తట్టలేదు. తట్టాక తలుపులోంచి వరండా బల్ల ఖాళీ కొస వైపు చూసింది.

ఆమె తరఫు ప్లీడరు ఆమెను చెయ్యి పట్టుకుని బయటకు తీసుకొచ్చాడు. నీళ్ళు తాగించి, గొంతు తగ్గించి చెప్పాడు: "బాధే, కాదనను. కానీ ఒక్కమాట వినండి. గడువులోగా ఆవిడ పిల్లలు ఆవిడ స్థానంలోకి వస్తామని దరఖాస్తు పెట్టుకోవాలి. లేకపోతే దావా దానంతటదే పడిపోతుంది. మీరు ఊరికే కూర్చోండి చాలు, గెలిచినట్టే."

గొడవ అమ్మ నడిపిన దర్జీ కొట్టు గురించి. ఆఖరి రోజుల్లో అమ్మ దాన్ని తన దగ్గరున్న చిన్నకూతురి పేర రాసింది. అందులో సగం నాదని అక్క దావా వేసింది. అప్పటినుంచి మాటల్లేవు.

అంతకుముందు వాళ్ళిద్దరూ ఆ కొట్టులోనే పెరిగారు. బడి నుంచి రాగానే గుడ్డలు కత్తిరించే బల్ల కిందకు దూరేవారు. పైనుంచి రాలిపడే ముక్కలే వాళ్ళ ఆస్తి. పువ్వుల ముక్కలన్నీ అక్క ముందే ఏరుకునేది. చెల్లెలు మూతి ముడిస్తే, "ఏడవకే, చారలవైతే పొడుగ్గా కనపడతావు" అని తన వాటా చారల ముక్కలు కూడా ఆమెకే అంటగట్టేది. ఆ మాట నమ్మి చెల్లెలు చాలా ఏళ్ళు చారల బట్టలే కుట్టించుకుంది.

కోర్టుకెక్కాక కూడా ఒకసారి ఆమె జాకెట్టు చెయ్యి దగ్గర కుట్టు ఊడిపోతే, అక్క తన ప్లీడరు గుమాస్తా చేతికి సూదీ దారం ఇచ్చి పంపింది. "అవతలి పార్టీని కుట్టుకోమన్నారమ్మా" అన్నాడతను నవ్వాపుకుంటూ. దారం జాకెట్టు రంగుదే.

ప్లీడరు ఊరికే కూర్చోమన్నాడు గానీ, ఆమె ఇంట్లో నిలవలేకపోయింది. మర్నాడే అక్క ఒక్కగానొక్క కూతురింటికి వెళ్ళింది. ఆ పిల్ల ఆస్పత్రిలో నర్సు. తలుపు తీసి, గుమ్మంలో పిన్నిని చూసి పక్కకు తప్పుకుంది.

"కబురు చెయ్యలేదేమే?"

"నువ్వు రావనుకున్నాం పిన్నీ."

కాసేపు ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ, "మంచంలో కూడా వాయిదా ఎప్పుడే అని అడిగేది. మాకు ఒళ్ళు మండిపోయేది. ఆ కేసు నేను వదిలేస్తున్నా. నీకే మంచిది కదా" అంది.

"మా ప్లీడరూ అదే అన్నాడు. చిన్నప్పటినుంచీ ఏ ఆటాడినా మీ అమ్మదే గెలుపు. ఇప్పుడావిడ లేకుండా గెలిచి ఎవరికి చెప్పుకోను? నువ్వు ఆవిడ స్థానంలోకి రా. సగం మీదేనని రాజీ రాసుకుందాం."

"అది ఇంట్లో ఇచ్చేస్తే సరిపోదా?"

"సరిపోదు. మీ అమ్మ అక్కడ అడిగింది. జవాబు అక్కడే చెప్పాలి. నోటితో అడిగుంటే అప్పుడే ఇచ్చేదాన్ని. నోటీసు పంపింది. నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది" అంది.

"నువ్వైనా ఒక్కసారి మాట్లాడి ఉండొచ్చుగా?"

పిన్ని కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, "ఉండొచ్చు" అంది.

ఆ పిల్ల దరఖాస్తు పెట్టుకుంది. అభ్యంతరం ఉందా అని జడ్జిగారు అడిగితే, పిన్ని ప్లీడరు చేదు మందు మింగినట్టు ముఖం పెట్టి, "లేదండి" అన్నాడు. అక్క ప్లీడరు గుమాస్తా దావా కాగితంలో ఆవిడ పేరు పక్కన 'మరణించారు' అని రాసి, కింద కూతురి పేరు చేర్చాడు. ఆ మాట రాసేటప్పుడు చెల్లెలు చూపు తిప్పుకుంది. తర్వాతి వాయిదాకు రాజీ పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేశారు.

కోర్టు నుంచి నేరుగా కొట్టుకు వెళ్ళారు. "అమ్మ ఏ మిషను మీద కుట్టేది?" అని అడిగిందా పిల్ల. పిన్ని కిటికీ పక్కనున్న దాన్ని చూపించింది. ఆ పిల్ల కూర్చుని తొక్కబోతే చక్రం వెనక్కి తిరిగింది, దారం పుటుక్కున తెగింది.

"మీ అమ్మకీ మొదట్లో ఇంతే. నాలుగు రోజులు తిట్లు తిన్నది" అని పిన్ని నవ్వుతూ వంగి చక్రం మీద చెయ్యి వేసింది. "ఊఁ, ఇప్పుడు తొక్కు. మెల్లగా."