పిడికెడు కొర్రలు

శనివారం పొద్దుగూకే వేళకు విశ్వాసమ్మ ఇంట్లో తినే గింజ అంటూ మిగిలింది ఒక్క చోటే, గోడగూట్లో ఉన్న దేవుని ముంతలో! పొయ్యి పక్కన చాప మీద అత్త ఉరుకుందమ్మ ముడుచుకుని పడుకుంది. జ్వరం పొద్దున్నే వదిలింది గానీ మనిషి పిండేసిన గుడ్డలా అయిపోయింది. కడుపులో వేడిగా ఏదన్నా పడితే తప్ప లేవదని చూస్తేనే తెలుస్తోంది.

కోసిగి చుట్టుపక్కల ఆ ఏడు వాన మొహం చాటేసింది. మొగుడు లేవి కాలవ తవ్వే పనికి పోయి ఇంకా రాలేదు. పక్కింట్లో అడుగుదామా అంటే పేటంతా ఇదే కథ, ఎవరి పొయ్యిలోనూ పిల్లి లేవలేదు.

ఇక ఆ ముంత సంగతి. బాప్తిస్మం తీసుకున్న ఇళ్ళలో ఆడవాళ్ళు ఎప్పుడు ఎసరు పెట్టినా వండబోయే గింజల్లోంచి ముందు ఒక పిడికెడు తీసి దాంట్లో వేస్తారు. ఆదివారం గుడిలో అందరూ చూస్తుండగా చాప మీద కుమ్మరిస్తారు. గుడి నడిపే ఉపదేశి తిండికీ, గుడి దీపానికీ అదే ఆధారం. తప్పకుండా వేస్తానని విశ్వాసమ్మ కూడా బాప్తిస్మం ఇచ్చిన దొర ముందు మాటిచ్చింది. మొదట్లో దేవుడు పైనుంచి తన చేతినే చూస్తున్నాడేమోనని వణుకుతూ వేసేది. తర్వాత ఎప్పుడు మారిందో ఏమో, ఆ పిడికిలి విప్పుతుంటే బిడ్డ నోట్లో ముద్ద పెట్టినట్టుండేది. ఈ కరువులో కూడా ఒక్క పూట మానలేదు!

ఆమె లేచి ముంత దించింది. అత్త ఒక కన్ను తెరిచింది.

"ఏమే, ఆ ముంతకు యాల చెయ్యి పెడ్తాండావు?"

"గంజి కాస్తా అత్తా. నీకే."

"సచ్చినా తాగను పో! మీ దేవునిది నా గొంతులో పోస్తావా? రేపు గుడిలో ఏం కుమ్మరిస్తావు? ఆడోళ్ళంతా మూతులు తిప్పరూ?"

"ఈరన్న స్వామికి మొక్కే నీకు మా గుడి సంగతి యాలత్తా?"

"నీ దేవుడు నాకేమన్నా సుట్టమా? నువ్వు తలకాయ వంచుకోని నిలబడితే నేను సూడలేనే, అంతే!" అని అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

విశ్వాసమ్మ పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ అత్త పిలిస్తేనే చేతిలో చెంబు జారిపోయేది. తర్వాత తొలికాన్పు బిడ్డ దక్కలేదు. అప్పుడు అత్త ఒక్క మాటా అనకుండా తలకు నీళ్ళు పోసి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు తినిపించింది. భయం ఆ రోజే పోయింది. చిత్రం ఏమిటంటే, అప్పటినుంచే అత్త మాట ఇంకా ఎక్కువ వినడం మొదలైంది! అత్త "నీళ్ళు" అనే లోపే చెంబు పక్కన ఉంటుంది. అత్త నోరు తెరవకముందే ఆమెకేం కావాలో తనకు తెలుసు. మరి దేవుణ్ణి ప్రేమిస్తున్నానంటూ, ఆయనకేం కావాలో తెలియదా తనకు?

"అయ్యా, ఈసారి దీన్ని ఈడ పోస్తాండా. నువ్వు ఈడనే ఉండావు గదా," అని మెల్లగా అనుకుని ముంతంతా ఎసట్లోకి ఒంపేసింది.

"వొద్దంటే ఇనవా? మొండిదానా!" అని తిడుతూనే అత్త గుటక వేసింది. తిట్టుకో గుటక, గుటకకో తిట్టు. గంజి అయిపోయేసరికి చెంపల మీదికి కాస్త రక్తం వచ్చింది.

తెల్లారి గుడిలో వంతు రానే వచ్చింది. విశ్వాసమ్మ ముంత బోర్లించింది. రెండు పొట్టు రేకులు రాలాయి. అంతా గుసగుసలు!

"వాళ్ళింట్లో ఎలుకలు గూడా బాప్తిస్మం తీసుకున్యాయేమోనమ్మా, దేవుని ముంతకే మరిగినాయి!" అని ఎవరో కిసుక్కున నవ్వారు.

చాప దగ్గర కూర్చున్న రత్నమణి తలెత్తింది. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే మనిషి ఆమె. ఆమె చూపంటే పేటలో అందరికీ హడలు.

"ఏమైందమ్మా?"

"మా అత్తకు గంజి కాసినా అక్కా," అంది విశ్వాసమ్మ. తల మాత్రం వంచలేదు.

"తాగిందా?"

"తాగింది."

"ఉప్పేసినావా?"

"ఉప్పు లేదక్కా."

గుడిలో ప్రార్థన ముగిశాక రత్నమణి ఆమెను తన ఇంటిదాకా వెంటబెట్టుకుపోయి, ఆకులో ఉప్పు పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

"ఉప్పు లేని గంజి ముసలోళ్ళకు యాడ దిగుతాది?" అంటూ కసిరింది. కసురుతుంటేనే కళ్ళు తడిశాయి.

మర్నాడు సాయంత్రం లేవి తువ్వాలులో కొర్రలు మూటగట్టుకుని వచ్చాడు. విశ్వాసమ్మ దంచి, చెరిగి, ఎసరు పెట్టి, చేటలోకి చెయ్యి పెట్టబోయింది. ఆ లోపే ఇంకో చెయ్యి అడ్డం వచ్చింది.

"నీది కోడిపిల్ల పిడికిలి, పక్కకు జరుగు," అంది ఉరుకుందమ్మ. తన పెద్ద చేత్తో నిండా తీసుకుని, గోడ పట్టుకుని తూలుకుంటూ లేచి, గూట్లోని ముంతలో పోసింది.

"మీ దేవునికి జెప్పు, నేను అప్పుంచుకునే రకం గాదని!"