జవాబులు వచ్చే వైపు

టైపిస్టు కుర్చీలో కూర్చోకుండా ముందు టేబుల్ కిందికి వంగాడు. కంప్యూటర్ వెనక వైర్లను ఒక్కొక్కటే లాగి చూశాడు. నిన్న వదిలినట్టే ఉన్నాయి. అయినా పక్క టేబుల్ ఆవిడను ఓ చూపు చూశాడు. ఆవిడ ఆయనకు ఎడమ పక్క కూర్చుంటుంది, ఏదో గొణుగుతుంటుంది. తన గురించేనని ఆయన అనుమానం.

బీమా కంపెనీకి వచ్చే ఫోన్ సంభాషణలు విని టైపు చేయడం ఆయన పని. ప్రశ్న అడిగే ఉద్యోగి గొంతు కుడి చెవిలో, జవాబు చెప్పే మనిషి గొంతు ఎడమ చెవిలో వస్తాయి. కొంతకాలంగా ప్రశ్నలు బాగానే వినపడుతున్నాయి, జవాబులే అందడం లేదు. హెడ్‌ఫోన్ ఎడమ గిన్నెను అరచేత్తో నొక్కిపట్టి వింటాడు. అందని చోట చుక్కలు పెడతాడు. ఇంకోసారి చుక్కలు కనిపిస్తే ఈ కుర్చీ వదిలి స్టోరు గదికి పోవాలని సూపర్‌వైజర్ చెప్పేశాడు. కంప్యూటర్లో ఎవరో వేలు పెట్టారని టైపిస్టు తేల్చుకున్నాడు.

మధ్యాహ్నం హెడ్‌ఫోన్ సంచిలో వేసుకున్నాడు. దాన్ని ఆఫీసులో వదిలి ఎటూ వెళ్లడు. బావమరిది రిపేరు కొట్టులో, మాట స్పష్టంగా వినిపించే పరికరాలు మూడు రకాలు బల్ల మీదికి వచ్చాయి.

"ఈ డబ్బా అయితే తగిలించుకోవడమే బావా."

"మూత తీయొచ్చా?"

"తీస్తే పోతుంది."

"అయితే లోపలేముందో వాడికే తెలియాలి. వద్దు."

"ఇదుంది. ఉత్త ఆంప్లిఫైయర్, చవక."

"అంత చవగ్గా ఎందుకిస్తున్నాడు?"

"మా అక్క నీతో ఎలా వేగుతోందో! అదీ వద్దులే. కంప్యూటర్లోంచి మాట మసగ్గా వస్తుంటే, పెంచినకొద్దీ మసకే పెరుగుతుంది. ఈ కిట్టు తీసుకో. ఇందులో డాక్ అనే చిప్పు కూడా ఉంది, మాటను కంప్యూటర్ బయటే తయారుచేస్తుంది. నీ కళ్లముందే అతుకుతా."

కళ్లముందే అన్న మాట నచ్చింది. ప్రతి అతుకునూ భూతద్దంలో చూశాడు. ఒకటి మళ్లీ చేయించాడు. కొట్టులోని కంప్యూటర్‌కు తగిలించి, రెండు వైపులా సమానంగా వచ్చే వార్తలు పెట్టారు.

"ఎడమ తక్కువ. చెప్పానా, అతుకు పడలేదు."

బావమరిది హెడ్‌ఫోన్ తీసి, తిప్పి పెట్టాడు. కుడి గిన్నె ఎడమ చెవి మీదికి వచ్చింది.

"ఇప్పుడు?"

టైపిస్టు చాలాసేపు విన్నాడు. ఇప్పుడూ ఎడమ చెవికే తక్కువ.

"అతుకులు బాగానే ఉన్నాయి," అన్నాడు.

బావమరిది సోల్డరింగ్ ఐరన్ ఆపాడు. "డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా బావా."

"చూద్దాంలే."

ఆఫీసుకు వచ్చి కిట్టు తగిలించాడు. హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుని జవాబులు టైపు చేశాడు. మళ్లీ సరిగా పెట్టుకుని ప్రశ్నలు చేశాడు. ఒక్క ఫైలుకే సాయంత్రమైంది. అందులో చుక్కల్లేవు. మిగతా ఫైళ్లు అలాగే ఉన్నాయి. ఆ ఒక్కటీ సూపర్‌వైజర్‌కు ఇచ్చి, రేపట్నుంచి స్టోరు గదిలో ఉంటానని తనే చెప్పాడు.

సంచి తీసుకుంటుంటే పక్కావిడ ఏదో గొణిగింది. ఈసారి కుడి చెవి అటు తిప్పాడు.

"ఏమన్నావమ్మా?"

"టీ తాగుతారా అన్నయ్యా అంటున్నా. రోజూ అడుగుతున్నా, ఉలకరు పలకరు. నా మీద కోపమేమో అనుకున్నా."

"ఇవాళ తాగుతాను," అన్నాడు.

తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయాడు. టేబుల్ మీద కిట్టు దీపం వెలుగుతూనే ఉంది. పక్కన హెడ్‌ఫోన్ వెల్లకిలా పడి ఉంది. కుడి మెత్త గుండ్రంగా ఉంది. ఎడమ మెత్త అరచేతి కింద అణిగి అణిగి, మళ్లీ పైకి లేవలేదు.