జ్వరం లేని విన్నపం

ఎలిశిబాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: కొరియాలో ఉన్న చెల్లెలు రోజీకి ఏదో అవుతుంది, అది తనకు తెలియకుండా పోతుంది. చావు కబురైతే ఎట్లాగైనా చేరుతుంది, ఎవరో ఒకరు ఫోను చేస్తారు. చేరని కబుర్లంటేనే ఆమెకు గుండెదడ. పిల్ల తలుపు మూసుకుని కూర్చుంటే, అన్నం మానేస్తే, ఆ సంగతిని అన్ని దేశాలు దాటించి మెదక్ మిషన్ కాంపౌండు వెనక సందులోకి ఎవరు మోసుకొస్తారు?

రోజీ హైదరాబాదులో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ యూనివర్సిటీకీ, కొరియాలో జొంజు అనే ఊళ్లోని యూనివర్సిటీకీ ఒక ఒప్పందం ఉంది. ఇక్కడి పిల్ల ఒక సెమిస్టరు అక్కడ చదవాలి, అక్కడి పిల్ల ఒకతె వచ్చి ఇక్కడ చదవాలి. ఈ సంగతి విని పక్కింటి బాలనర్సమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

"మన పిల్లనిచ్చి వాళ్ల పిల్లను తెచ్చుకునుడా? గిది కుండమార్పిడి పెండ్లి లెక్కనే ఉన్నదే ఎలిశిబా. పిలగాడెట్లున్నడో జర చూసినవా మరి?"

రోజీ పొట్ట పట్టుకుని నవ్వింది. ఎలిశిబా కూడా నవ్వింది గాని, ఆగస్టు చివర్లో విమానాశ్రయంలో చెల్లెలు అద్దాల తలుపు దాటి పోయినప్పటి నుంచి ఆమెకు నవ్వు రావడం తగ్గింది.

ఆ ఇద్దరికీ తల్లిదండ్రులు లేరు. తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి పోయేనాటికి ఎలిశిబాకు పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం, రోజీకి పదమూడు. ఎలిశిబా కాలేజీ మాని కుట్టుమిషను ముందు కూర్చుంది. చెల్లెను చదివించడానికి తన చదువు వదులుకుందని కాంపౌండులో అందరూ చెప్పుకుంటారు. రోజీ అయితే ఆ సంగతి మీద బళ్లో వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకుంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే ఎలిశిబా పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినట్టు లేచి వెళ్లిపోయేది. ఇప్పుడామెకు ఇరవై అయిదు, చంకలో ఎనిమిది నెలల పాప. భర్త విక్టర్ ఆర్టీసీలో కండక్టరు.

ప్రతి ఆదివారం ఆరాధన కాగానే ఆమె పాపనెత్తుకుని చౌరస్తా దగ్గరి ఇంటర్నెట్ సెంటరుకు పోయేది. దాని యజమాని ఇంద్రకరణ్ ఆమె పేరున వీడియోలో మాట్లాడే ఖాతా ఒకటి తెరిచి పెట్టాడు. తెర మీద రోజీ ముఖం కనబడేది. మొదటి వారాల్లో ఆ పిల్ల కంప్యూటరును చేతుల మీద ఎత్తుకుని గదంతా తిప్పి చూపించింది. నేల కిందనుంచి వేడి వస్తుందట, చలికాలంలో దాని మీదే పడుకోవచ్చునట. గరిటంత పొడుగు చెంచాలు చూపించింది. మిరపకారం దట్టించిన క్యాబేజీ పచ్చడి మూడు పూటలా పెడతారని, బావకైతే మస్తు నచ్చుతుందని చెప్పింది.

సెప్టెంబరు దాటాక ముఖం కనబడటం ఆగిపోయింది. కెమెరా ఖరాబైందని చెప్పింది. గొంతు మాత్రం వచ్చేది. అదీ ప్రశ్నలే. పాపకు పండ్లొచ్చినయా, బావ సమ్మెలనే ఉన్నడా, కరెంటు ఎంతసేపు ఉంటున్నది? తన గురించి అడిగితే ఒక్కటే మాట: "నాకేమైందక్కా, మంచిగున్న."

అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. తెలంగాణ వచ్చేదాకా పని ముట్టమని ఊరు ఊరంతా కూర్చుంది. ఆఫీసులకు తాళాలు, బళ్లకు తాళాలు, బస్సులన్నీ డిపోలో. విక్టర్ పొద్దున్నే పోయి డిపో ముందు టెంటులో కూర్చునేవాడు. కరెంటు ఉన్న ఒక పొద్దున పాపకు పాలపొడి కొనడానికి పోతున్న ఎలిశిబాను ఇంద్రకరణ్ పిలిచాడు. మనసులో ఏ దురుద్దేశమూ లేకుండానే అడిగాడు.

"అక్కా, మీ చెల్లె పేరు పక్కన ఆన్‌లైన్ల ఉన్నట్టు పచ్చలైటు పొద్దంత వెలుగుతనే ఉంటది. గామె కాలేజీకి పోదా?"

ఎలిశిబా అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్క కట్టింది. మనకు పది అంటే వాళ్లకు ఒకటిన్నర. పగటి పూట, క్లాసుల వేళ.

ఆదివారం అడిగితే సెలవులని చెప్పింది రోజీ. పై ఆదివారం అడిగితే కూడా సెలవులే. పండుగ ఏమిటని అడిగితే లైను తెగిపోయింది.

హైదరాబాదు పోయి, యూనివర్సిటీలో రోజీని పంపించిన మేడంను కలిసి అడుగుతానని ఎలిశిబా మొగుడితో చెప్పింది. విక్టర్ తల గోక్కున్నాడు.

"బస్సులు ఆపినోళ్లల్ల నేనొకణ్ని. ఇప్పుడు నా పెండ్లానికి బస్సు గావాలంటే నేను ఎవల్నడగాలె?"

నవ్వించడానికి అన్నాడు గాని ఆమె నవ్వలేదు. అప్పుడు చెప్పాడు, తాను టెంటులోనుంచి ఆ మేడం ఆఫీసుకు రెండు రోజులుగా ఫోను చేస్తూనే ఉన్నానని. అక్కడా సమ్మే, ఎత్తే మనిషి లేడు.

ఇక మిగిలింది బుధవారం కూడిక.

వారానికొక ఇంట్లో ఆడవాళ్లు ప్రార్థనకు కూడుతారు. మధ్యలో ఖాళీ బిస్కట్ డబ్బా ఒకటి పెడతారు. ఎవరి విన్నపం వాళ్లు చీటీ మీద రాసి అందులో వెయ్యాలి. చర్చి అయ్యగారి భార్య, అందరూ అమ్మగారు అని పిలిచే ఆమె, ఒక్కొక్క చీటీ తీసి చదువుతుంది. అయితే అందులో ఒక పద్ధతి ఉంది. రోగం, పరీక్ష, కోర్టు కేసు, కాన్పు, వీటిని విడివిడిగా చదివి పేరు పెట్టి ప్రార్థిస్తారు. ఊరికే ఆశీర్వాదం కోసమో మనశ్శాంతి కోసమో రాసినవి పక్కన పెట్టి, చివర్లో 'మిగతా విన్నపాలన్నీ' అని ఒక్క మాటలో కట్టేస్తారు. టీ చల్లారుతుంది మరి.

ఎలిశిబా చీటీ మీద 'కొరియాలో చదువుతున్న నా చెల్లెలు రోజీ కొరకు' అని రాసింది. చూసుకుంది. ఇది మిగతావాటిలో పోతుందని ఆమెకు తెలుసు. చెల్లెలి పేరు ఒక్కసారైనా పది నోళ్లలో పలకాలనిపించింది. 'జ్వరంతో ఉన్న' అని మధ్యలో ఇరికించి రాసి డబ్బాలో వేసింది.

అమ్మగారు చదవగానే అయ్యో అన్నారంతా. ఎన్ని రోజులనుంచి అని ఒకామె అడిగింది. వారం అని నోటికొచ్చింది చెప్పింది ఎలిశిబా. అంతే. బుధవారంనాటి జ్వరం శుక్రవారానికి టైఫాయిడు అయింది. ఆదివారం ఆరాధన కాగానే ఒక ముసలామె ఎలిశిబా చేతులు పట్టుకుని, గ్లూకోజు ఎక్కుతున్నదట గదా బిడ్డా అని కండ్లనీళ్లు పెట్టుకుంది. కాదనబోయి ఎలిశిబా ఆగిపోయింది. అబద్ధమని ఒప్పుకుంటే ప్రార్థన ఆగిపోతుందేమోనన్న భయం ఒక పక్క, నిజమవుతుందేమోనన్న భయం ఇంకో పక్క.

అమ్మగారి తమ్ముడు గాబ్రియేలు హైదరాబాదులో ఒక బైబిలు కాలేజీ హాస్టల్లో వంట మనిషి. అక్క ఫోనులో చెప్పింది విని, ఆ కాలేజీలో పాఠం చెప్పే కొరియా అయ్యగారి ముందు నిలబడి, మా ఊరి పిల్ల మీ దేశంలో మంచం పట్టిందని చెప్పాడు. ఆయన తన దేశంలో ఎవరికో ఫోను చేశాడు. వాళ్లు ఇంకెవరికో చేశారు.

మంగళవారం పొద్దున విక్టర్ డిపోకు పోకముందే అతని సెల్లు మోగితే ఎలిశిబా ఎత్తింది.

"అక్కా, నాకు జ్వరమని ఎవరు చెప్పిండ్రు?"

రోజీ గొంతు నిప్పులు కక్కుతోంది. ఎలిశిబా పాపను భుజం మార్చుకుంది.

"నిన్న ఈడి చర్చికెల్లి అయిదుగురు ఆడోళ్లు వచ్చిండ్రు. హాస్టలు మేడంను ఎంటవెట్టుకొని తలుపు కొడుతున్నరు. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు రాదు. పెద్దామె నా నొసలు మీద చెయ్యి వెట్టి చూసింది. జ్వరం లేదు. రెండో చెయ్యి వెట్టి చూసింది. నమ్ముతలేదు. గిన్నె నిండ బియ్యం జావ తెచ్చిండ్రక్కా. నేను మొత్తం తిన్నదాక ఒక్కరు లేవలె."

"తిన్నవా మరి?" అని మాత్రం అడిగింది ఎలిశిబా.

అవతల ఏడుపు వినబడింది. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయి దొరికిన రోజు ఏడ్చినట్టు, ఎక్కిళ్లతో. ఆ ఎక్కిళ్ల మధ్యనే సంగతంతా బయటపడింది.

ల్యాబులో రోజీకి ఒక సీనియర్ పని నేర్పేవాడు. అతనిది సగం ఇంగ్లిషు, సగం కొరియా భాష. అర్థమైందా అని అడిగినప్పుడల్లా రోజీ తలూపేది. మళ్లీ చెప్పమనడానికి నామోషీ. మెదక్ జిల్లాలో ఫస్టు వచ్చిన పిల్ల కదా. ఒక సాయంత్రం అతను గాజు పళ్లేలేవో చూపించి, ఇట్లా చెయ్యమని చెప్పి ఇంటికి పోయాడు. రోజీ తలూపింది. పొద్దున వచ్చి చూసేసరికి చల్లని పెట్టెలో ఉండాల్సినవన్నీ బల్ల మీదే ఉన్నాయి. మూడు వారాల అతని కష్టం చెడిపోయింది. అతను అరవలేదు, తిట్టలేదు, తల వంచుకుని వాటిని కడగడం మొదలుపెట్టాడు. ఆ మరునాటినుంచి రోజీ పోలేదు. బిస్కట్లు తిని, కిటికీ పరదా వేసుకుని, పక్క మీదే ఉంది. ఇంకొక్క వారం పోకపోతే పేరు కొట్టేసి వెనక్కి పంపుతామని ఆఫీసునుంచి కాగితం వచ్చింది.

"రమ్మను అక్కా. నువ్వు రమ్మంటే వచ్చేస్త. నాకోసం నువ్వు చదువు ఇడిసిపెట్టినవ్. నేనేమో గిట్ల జేసిన."

వచ్చెయ్ బిడ్డా అన్న మాట ఎలిశిబా నాలుక చివరనే ఉంది. రెండు నెలలుగా ఉంది. పిల్ల వచ్చేస్తుంది, ఈ నులక మంచం మీద పడుకుంటుంది, కళ్ల ముందుంటుంది, భయం తీరుతుంది. ఎలిశిబా గోడకు చేరగిలి కూర్చుంది.

"నీకోసం ఇడువలేదే," అంది.

"ఏంది?"

"అమ్మను దవాఖానల వేసినప్పుడు తొమ్మిది రోజులు కాలేజీకి పోలె. పదో రోజు గేటు దాక పోయిన. రికార్డు రాయలేదు, సారు అందరి ముందట అడుగుతడని భయమైంది. మర్లి వచ్చిన. పదకొండో రోజు ఇంట్లకెల్లి ఎల్లలె. అమ్మ పోయింది తర్వాత నెలకు. అప్పటికే నేను మానేసిన. చెల్లె కోసం మానిందని జనమే అనుకున్నరు."

"మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలె?"

"గట్ల అంటుంటె మంచిగనిపిచ్చింది," అని ఎలిశిబా నిజమే చెప్పింది.

అవతల ఏడుపులోంచి నవ్వు లాంటిదేదో వచ్చింది.

"ఇయ్యాల నీకు ఎన్నో రోజు?" అని అడిగింది ఎలిశిబా.

"ఇరవై నాలుగు."

"నాకన్న పదమూడు ఎక్కువ. కష్టమే ఉంటది. ముందుగాల గా పిలగాని దగ్గరికి పో. సమజ్ గాకున్న తలూపిన అని చెప్పు. తర్వాత ఆళ్లు పంపిస్తె రా. నువ్వంతట నువ్వు రాకు. నాకాడికి ఒక్కరు రాలె తలుపు కొట్టనీకి. నీకాడికి అయిదుగురొచ్చిండ్రు."

ఆమె ఫోను పెట్టేసింది. రమ్మని ఉండాల్సిందేమోనని ఆ పగలంతా పాపను ఆడిస్తూ పదిసార్లు అనుకుంది.

మరునాడు రోజీ పోయింది. చెప్పింది. ఆ సీనియర్ ఆమెను రెండు భాషల్లోనూ తిట్టాడట. అది విని ఎలిశిబాకు ఎందుకో ప్రాణం కుదుటపడింది. నెల రోజులు గాజు సామాను కడగమన్నారు. చెడిపోయిన పని అతనితో కలిసి మళ్లీ మొదటినుంచి చెయ్యమన్నారు. ఆ సబ్జెక్టు పాసవుతుందో లేదో తెలియదు. అర్థం కానప్పుడల్లా ఎత్తి చూపించడానికి ఒక అట్ట మీద 'మళ్లీ చెప్పండి' అని వాళ్ల అక్షరాల్లో రాయించుకుందట.

పై బుధవారం కూడికలో, రోజీ లేచి కాలేజీకి పోతోందని తెలిసి, అందరూ సాక్ష్యం కోసం ఎదురుచూశారు. జ్వరం తగ్గించిన దేవునికి స్తోత్రం చెప్పమని అమ్మగారు లేపారు. ఎలిశిబా పాపను కింద కూర్చోబెట్టి లేచి నిలబడింది.

"జ్వరం లేకుండె," అంది. "నేనే రాసిన."

టైఫాయిడు అని చెప్పినామె తల దించుకుంది. రోజీ కోసం మూడు రోజులు ఉపవాసమున్న ముసలామె మాత్రం ఊరుకోలేదు. జ్వరమే లేకపోతె నా ఉపాసం ఏ ఖాతల వోయినట్టు అని నిలదీసింది. ఎలిశిబాకు భూమిలోకి పోవాలనిపించింది. అమ్మగారు బిస్కట్ డబ్బా చేతిలోకి తీసుకున్నారు.

"జ్వరమని రాయకుంటె నేను సదివేదాన్ని గాదు," అన్నారు చివరికి. "తప్పు ఆమె ఒక్కదానిదే గాదు, కూసోండ్రి."

ఆ వారంనుంచి అన్ని చీటీలూ చదువుతున్నారు. కూడిక రెండు గంటలు పడుతోంది. టీ రెండుసార్లు కాచాల్సి వస్తోందని ఆ ఇంటివాళ్లు సణుగుతున్నారు.

సమ్మె ఆగింది, బస్సులు కదిలాయి, విక్టర్ నర్సాపూర్ రూటులో టికెట్లు కొడుతున్నాడు. రోజీ కొన్ని రోజులు హుషారుగా మాట్లాడుతుంది, కొన్ని రోజులు కెమెరా పెట్టదు. ఆ అయిదుగురిలో పెద్దామె వారానికొకసారి జావ గిన్నెతో పోయి చూసి వస్తోంది గాని, ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఆ హాస్టలుకేమో లిఫ్టు లేదు. సెమిస్టరు అయ్యేసరికి డిసెంబరు ఇరవై దాటుతుంది. ఇది చదువుతున్న మీలో ఎవరికైనా జొంజులో తెలిసినవాళ్లు ఉంటే ఒక మాట చెప్పండి. ఆడపిల్లల హాస్టలు, మూడో అంతస్తు, మెట్ల పక్క గది. పిల్ల పేరు రోజీ. జ్వరమేమీ లేదు. ఊరికే ఒకసారి చూసి రమ్మనండి.