మోటబావికి కావలి

నర్సింహమ్మ మామ బతికి ఉండగా చేసిన తప్పు ఒక్కటే. అడిగిన వాళ్లకు నీళ్లు ఇచ్చాడు. రుద్రారం వైపు రైతులకు అది తప్పని తోచదు కూడా. దాహమని వచ్చినవాణ్ణి గొంతు తడపకుండా పంపిన ఇల్లు ఆ ఊళ్లో లేదు. కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీ వాళ్లు గోడలకు నీళ్లు కావాలని వస్తే, "తోడుకోండ్రి, నీళ్లకు పైసలేంది?" అన్నాడు ఆ పెద్దమనిషి.

గోడలు లేచాయి. తోడుకోవడం ఆలస్యమవుతోందని పైపు వేశారు. పైపుకు మోటారు పెట్టారు. మోటారు తడవకుండా రేకుల గది కట్టారు. గదిలో దొంగలు పడతారని బావి చుట్టూ ముళ్లకంచె తిప్పితే, నర్సింహమ్మ వాళ్లు ఎద్దులతో నీళ్లు తోడే మోట కూడా ఆ కంచెలోపలే చిక్కుకుపోయింది. ఆఖరికి కంచెకు కావలివాడు కావాలన్నారు. ఆ నౌకరీ ఎవరికిచ్చారనుకున్నారు? మామ కొడుక్కే, అంటే నర్సింహమ్మ మొగుడు పోచయ్యకే. తన బావికి తానే కావలివాడైనందుకు ఆ మహానుభావుడు ఖాకీ చొక్కా తొడుక్కుని ఊళ్లో మిఠాయి కూడా పంచాడు.

డెబ్బై మూడులో ఎండలు ముదరకముందే బావిలో నీళ్లు బాగా దిగిపోయాయి. రేపట్నుంచి మోట ఆపాలని, నీళ్లు ఫ్యాక్టరీకే చాలడం లేదని సూపర్‌వైజర్ సూర్యప్రకాశరావు చెప్పాడట. సాయంత్రం ఇంటికొచ్చి పోచయ్య ఆ మాట గొణిగాడు. మడిలో యాసంగి వరి పొట్టకొచ్చి ఉంది. ఇప్పుడు తడి అందకపోతే గింజ పట్టదు, చేతికొచ్చేది తాలే.

"మరి నువ్వేమన్నవ్?"

"ఏమంట? నౌకరీ చేస్తున్న గదా."

నర్సింహమ్మకు ఒళ్లు మండింది. ఏదో అనబోయింది గానీ, అరుగు మీంచి కూతురు కౌసల్య గొంతు అడ్డం వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల, పరీక్షలు దగ్గరపడి ఊగుతూ సోషల్ పాఠం బట్టీపడుతోంది.

"ఐరోపా దేశములలో యంత్రములు పెరిగినవి. వానికి ముడిసరుకు చాలలేదు. తయారైన సరుకు అమ్ముకొనుటకు చోటు చాలలేదు. అందుచేత సముద్రములు దాటి వలసరాజ్యములు సంపాదించిరి..."

"ఆగు బిడ్డా. ముడిసరుకంటే ఏంది?"

"మిషన్లల్ల ఏసేది అమ్మా. పత్తి, రబ్బరు, గనులల్ల రాగి. ఆళ్ల దిక్కు దొరకది, మన దిక్కు దొరుకుతది."

"గంత దూరం నుంచి వచ్చి ఎట్ల గుంజుకున్నరు? ఇక్కడోళ్లు ఊకున్నరా?"

"ముందుగాల యాపారం చేస్కుంటమని రాజులను అడిగిన్రు. సరుకు పెట్టుకోను గోదాములు కట్టిన్రు. గోదాములకు కావలికని సిపాయిలను పెట్టిన్రు. రాజుకు రాజుకు కొట్లాట పెట్టి, గెల్సినోని దగ్గర పన్ను వసూలు చేసే హక్కు తీస్కున్రు. ఇగ రాజ్యమే ఆళ్లదైంది."

"గంత మంది సిపాయిలు ఓడలల్ల వచ్చిన్రా?"

కౌసల్య పేజీ తిప్పింది. "లే. శానా మంది ఇక్కడోళ్లే. జీతానికి."

నర్సింహమ్మ మొగుడి వైపు చూసింది. పోచయ్య చాయ్ గ్లాసులోకి తల దించుకున్నాడు. ఇంకో ఆడదైతే జాలిపడేదేమో. నర్సింహమ్మకు కోపమొస్తే జాలి దరిదాపులకు రాదు.

తెల్లారగానే ఎద్దులను తోలుకుని బావి దగ్గరికి పోయింది. కంచె గేటు దగ్గర పోచయ్య నిలబడి ఉన్నాడు.

"తాళం తియ్యి."

"జెర ఇనవే. నౌకరీ పోతది."

"పోతే ఇంకోటి దొరుకుతది. బావి పోతే యాడికెళ్లి తెస్తవ్? తీస్తవా, కంచె పీకాల్నా?"

అన్నంత పనీ చేసే మనిషని అతనికి తెలుసు. తాళం తీశాడు. ఆమె ఎద్దులను మోటకు కడుతుండగానే సూర్యప్రకాశరావు సైకిలు దిగాడు. చెడ్డవాడేం కాదు. కృష్ణా జిల్లా నుంచి బతుకుతెరువుకు వచ్చి, పైవాళ్లు చెప్పింది కిందివాళ్లకు చెప్పడానికి అలవాటుపడ్డవాడు.

"చూడమ్మా, ఫ్యాక్టరీ వచ్చాకే కదా మీకు రోడ్డు వచ్చింది, మీ ఆయనకు ఉద్యోగం వచ్చింది. మీరూ కొంచెం సర్దుకుపోవాలి."

"రోడ్డు మీ లారీలకేస్కున్రు సారూ. మా మామ నీళ్లిచ్చిండు, బావి ఇయ్యలే. దూపైతే ఇప్పుడు గూడ తాగుండ్రి, కాదన. నా మడి తడిసినంక మీ మోటారు ఏస్కోండ్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. "పోచయ్యా! ఆ పగ్గాలు లాక్కో."

పోచయ్య వచ్చాడు. ఆమె చేతిలోంచి పగ్గాలు తీసుకున్నాడు. ఫ్యాక్టరీతో కొట్లాడటానికి సిద్ధపడి వచ్చిందే గానీ, ఇంట్లోవాడితో కొట్లాడే బలం నర్సింహమ్మకు లేదు.

పోచయ్య ఎద్దులను వెనక్కి నడిపించి బావి ఒడ్డుకు తెచ్చాడు. మోట కిందికి జారి నీళ్లలో మునిగింది. "హో!" అని అదిలించి, తాడు మీద కూర్చుని ఎద్దులను వాలు కిందికి తోలాడు. నీళ్లు భళ్లున తొట్టిలో పడ్డాయి.

"నీ ఉద్యోగం పోతుంది పోచయ్యా!"

"మా నాయిన నీళ్లిచ్చిండు సార్. కావలి నేనిచ్చిన. గా కావలి ఇయ్యాల వాపస్ తీస్కుంటున్న."

అతను మళ్లీ ఎద్దులను వెనక్కి నడిపించాడు. నర్సింహమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, పార అందుకుని, నీళ్లను మడికి మళ్లించడానికి కాలువ వెంట పరుగెత్తింది.